మన పెరటి పువ్వును మనమే అల్లుకుందాం

మన కోస్తా ఊళ్ళలో లేసు గుడ్డ లేని ఇల్లు వెతికినా దొరకదు. టీవీ మీద కప్పినదో, కుర్చీ వీపుకి వేసినదో, దేవుడి పీట మీద పరిచినదో, పసిదాని టోపీ అంచుకి కుట్టినదో, ఏదో ఒకటి ఉంటుంది. ఈ ప్రసంగం అయ్యాక ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. అందులో ఉన్న పువ్వు ఏ పువ్వు? ఎక్కువ గుడ్డల్లో గులాబీయో, ద్రాక్ష గుత్తో, పేరు తెలియని ఎనిమిది రేకుల పువ్వో కనిపిస్తుంది. అనకాపల్లి దగ్గర మా ఎలమంచిలిలో గుమ్మం పక్కన నందివర్ధనం ఉంటుంది, నూతి దగ్గర కనకాంబరం ఉంటుంది, దడి మీద శంఖుపుష్పం తీగ పాకి ఉంటుంది. పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని వాటిని కోసే చేతులే మధ్యాహ్నం లేసు సూది పట్టుకుంటాయి. అయినా ఆ పువ్వులు లేసులోకి రావు. ఎందుకు రాలేదో, రావాలంటే ఏం చెయ్యాలో ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో లేసు పని తరతరాలుగా సాగుతోంది. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు గోదావరి సీమ ఆడవాళ్ళకి దీన్ని నేర్పారని చెప్పుకుంటారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు పట్టి, 1845 నుంచి ఏళ్ళ తరబడి ఘోరమైన కరువు వచ్చింది. ఇల్లు గడవడానికి అక్కడి ఆడవాళ్ళు క్రోషె లేసు అల్లి అమ్మారు. పువ్వునీ ఆకునీ విడివిడిగా అల్లుకోవడం, తరవాత వాటిని ఒక గుడ్డ మీద పేర్చుకుని మధ్య ఖాళీలని సన్నని వలతో నింపుతూ కలపడం వాళ్ళ పద్ధతి. మన గోదావరి జిల్లాల్లోనూ పువ్వులు అల్లేది ఒక ఇంట్లో, అతుకుపని జరిగేది ఇంకో ఇంట్లో. పని తీరు అంత దగ్గరగా ఉంది. అయితే ఐర్లండు లేసులో ఆ నేల మీద మొలిచే మూడాకుల షామ్‌రాక్ ఉంది, వాళ్ళ కంచెల మీద పూసే గులాబీ ఉంది, తేమ నేలల్లో పెరిగే ఫెర్న్ ఆకు ఉంది. ఆకలితో అలమటిస్తూ కూడా వాళ్ళు కళ్ళెదుట కనిపించిన ఆకునే అల్లారు. మనవాళ్ళ చేతికి మాత్రం నమూనా ఎగుమతిదారు దగ్గర్నుంచి ఏజెంటు ద్వారా వచ్చింది. ఆ నమూనాలో ఉన్నది ఉన్నట్టు దించితేనే కూలి.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చి, ఈ స్త్రీల జీవితం మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టు కోసం గంటల తరబడి అల్లుతున్న మనిషిని ఇంటిపట్టున ఊరికే కూర్చున్న గృహిణిగానే లెక్కవేస్తున్నారని ఆవిడ రాశారు. అది చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎంతో సంతోషించాను. ఊరి పేరుకి ఆ గౌరవం దక్కింది. ఇక అల్లే మనిషి తన పువ్వుని తానే ఎంచుకునే రోజు కూడా రావాలి.

మన నేల మీది మొక్కల్ని కళ్ళారా చూసి గీసిన చేతులు మనకి లేకపోలేదు. మా ఊరి స్టేషనులో రైలెక్కితే తుని, అన్నవరం, పిఠాపురం దాటాక సామర్లకోట వస్తుంది. 1781లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడికి వచ్చి ఒక తోట పెంచాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క ఇక్కడ పండుతాయో లేదో చూశాడు. చుట్టుపక్కల అడవుల్లో, పొలం గట్ల మీద దొరికిన మొక్కలకి బొమ్మలు గీయించాడు. గీసినవాళ్ళు స్థానిక చిత్రకారులే. ఒకటీ రెండూ కాదు, వందల బొమ్మలు. వాటిలో కొన్ని కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో 1795 నుంచి లండనులో పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో రాక్స్‌బర్గ్ రాసుకున్నాడు. ఆ బొమ్మలు చూస్తే ఆకు మీది ఈనెలు ఎటు తిరిగాయో, మొగ్గ ఎలా మడతపడి ఉందో, కాయ కోస్తే లోపల గింజలు ఎన్ని వరుసలో అన్నీ కనిపిస్తాయి. అల్లికకి కావలసిన చూపు సరిగ్గా అదే. గీసినవాళ్ళ పేర్లు మాత్రం ఆ సంపుటాల మీద లేవు. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళిపోయాడు. ఆ చిత్రకారులెవరో, వాళ్ళ పిల్లలేమయ్యారో మనదాకా రాలేదు.

ఇక పువ్వు దగ్గరికి వద్దాం. ఒంటిరేకు నందివర్ధనాన్ని తీసుకోండి. ముద్దది వద్దు. దూరం నుంచి చూస్తే తెల్లని చుక్కలా ఉంటుంది. దగ్గరగా తెచ్చుకుంటే అయిదు రేకులు, ప్రతి రేకూ పక్క రేకు మీదికి ఒకే వైపు ఒరిగి ఉంటుంది. పిల్లలు తాటాకుతో చేసుకునే గాలిమర ఎలా తిరగబోతున్నట్టు ఉంటుందో అలా ఉంటుంది. రేకుకి ఒక అంచు మెల్లగా వంపు తిరుగుతుంది, రెండో అంచు చటుక్కున లోపలికి దిగుతుంది. మామూలు లేసు పువ్వులో రేకు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతిలో అల్లితే ఇది నందివర్ధనం కాదు, ఏదో ఒక తెల్ల పువ్వు అవుతుంది.

దీన్ని ఇలా అల్లుతాను. ఎనిమిది చైన్లు వేసి రింగుగా కలపండి. ఆ రింగులోకి ఒక సింగిల్ క్రోషె, ఒక హాఫ్ డబుల్, రెండు డబుల్, ఒక ట్రెబుల్ వరసగా వేయండి. అంటే రేకు ఒక పక్క మెట్టుమెట్టుగా ఎత్తు పెరిగింది. ట్రెబుల్ పూర్తవగానే మూడు చైన్లు వేసి, సూదిని నేరుగా రింగులోకి దించి స్లిప్ స్టిచ్‌తో ముడి వేసేయండి. రెండో పక్క ఒక్కసారిగా దిగిపోయింది. అదొక రేకు. అలాంటివి అయిదు. రింగులో చోటు ఇరుకై రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎక్కనివ్వండి, పువ్వుకి కావలసింది అదే. ఇస్త్రీ పెట్టి అణచకండి. గుడ్డ మీద బోర్లా పెట్టి నీళ్ళు చిలకరించి, ఒరిగిన వైపుకే వేలితో సర్ది ఆరనివ్వాలి.

దీన్ని ఒక గుడ్డగా కలపబోయేసరికి అసలు చిక్కు వస్తుంది. అయిదు రేకుల పువ్వులు పక్కపక్కన పేరిస్తే ఖాళీ లేకుండా కుదురుకోవు. ఎలా తిప్పినా నడుమ సందులు మిగులుతాయి. అయిదు భుజాల పలకలతో నేల పరవలేకపోవడానికి కారణమూ ఇదే. ఈ సందుల్ని తప్పించుకోవడానికే చాలామంది పువ్వుకి ఆరో రేకు చేరుస్తారు. నేను చేర్చను. ఐర్లండు ఆడవాళ్ళలాగా ఆ సందుల్ని సన్నని వలతో నింపుతాను. వల గళ్ళు ఒకే కొలతలో ఉండనక్కర్లేదు. పొదలో పువ్వులు కొలత పెట్టి పుయ్యవు కదా. ఇంకో దారి కూడా ఉంది. అయిదు భుజాల ముక్కలు పన్నెండు అల్లి, అంచులు అంచులకి కలుపుకుంటూ పోతే అది బల్లపరుపుగా ఉండనని మొరాయించి గుండ్రంగా బంతిలా ముడుచుకుంటుంది. లోపల దూది కూరితే పసిబిడ్డకి ఆడుకునే బంతి. చదునుగా పరుచుకోని నందివర్ధనం తనంతట తానే ఒక బొమ్మ అయిపోయింది.

చదునైన గుడ్డ కావాలంటే ఆరు రేకుల పువ్వు దగ్గరికి వెళ్ళాలి. మనం లిల్లీ అని పిలుచుకునే నేలసంపెంగ ఉంది కదా, దానికి ఆరు రేకులు. ఆరు మూలల ముక్కలు తేనెపట్టు గదుల్లాగా చక్కగా అతుక్కుంటాయి. ఈ లెక్క మన ఆడపిల్లలకి కొత్తగా నేర్పక్కర్లేదు. సంక్రాంతికి 15 చుక్కలు పెట్టి సందు చుక్కతో 8 దాకా రెండు వైపులా దించితే ఆరు మూలల ముగ్గు వస్తుంది. సరి చుక్కతో 1 దాకా దించితే నిలబెట్టిన పలకలా నాలుగు మూలల ముగ్గు వస్తుంది. ముగ్గుల పుస్తకం చేతిలో ఉన్న అమ్మాయి దగ్గర డిజైను కాగితం ఉన్నట్టే. సరి చుక్కల ముగ్గుని గళ్ళ కాగితం మీదికి ఎక్కించి, గీత పోయిన గడి నింపి, మిగిలిన గడి ఖాళీ వదిలితే గళ్ళ లేసు నమూనా తయారు. గుండ్రంగా అల్లేటప్పుడు మొదటి వరసలో 12 డబుల్ క్రోషెలు వేస్తే రెండో వరసలో 24, మూడో వరసలో 36. అలా పన్నెండేసి పెంచుకుంటూ పోతే గుడ్డ ముడుచుకోదు, అలలు తిరగదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఏ గుండ్రటి పువ్వునైనా పుస్తకం చూడకుండా అల్లుకోవచ్చు.

కనకాంబరం సంగతి వేరు. దాని రేకులన్నీ ఒకే పక్కకి విసనకర్రలా విచ్చుకుంటాయి. పువ్వు వెనక సన్నని కాడ. గుడ్డ నడిమధ్య పెడితే తెగిపోయిన పువ్వులా కనిపిస్తుంది. అంచుకి పెడితే మాత్రం దానికోసమే పుట్టినట్టు ఉంటుంది. చీర కొంగుకో, లంగా అంచుకో విసనకర్ర కుట్టు వరసగా వేస్తూ, ఒక్కొక్క విసనకర్రకీ కింద రెండు మూడు చైన్ల కాడ వదిలితే చాలు. పువ్వు ఎక్కడ కూర్చోవాలో పువ్వే చెబుతుందంటే నాకు అతిశయోక్తి అనిపించదు. నేను అలా పువ్వుని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటే మా వీధిలో ఒక పెద్దావిడ, "ఏటమ్మా, పువ్వుని పెట్టుకోకుండా అలాగ సూస్తన్నావేటి?" అని అడిగింది. అల్లడానికని చెబితే, "అయితే చింతాకు కూడా సూడు, రెండేసి రెండేసి ఎంత వరసగా ఉంటాదో" అంది. ఆవిడ చెప్పిన చింతాకు వరస ఇప్పుడు నా దగ్గర ఊలు శాలువా అంచులో ఉంది. నడుమ ఒక ఈనె కుట్టు, అటూ ఇటూ జంటజంటగా కన్నాలు.

ఊలు మాట వచ్చింది. మా సముద్రం పక్కన ఊళ్ళలో స్వెట్టరు ఎవరు తొడుగుతారని అడుగుతారు. మావైపు నుంచి నర్సీపట్నం మీదుగా ఘాటు రోడ్డు ఎక్కితే లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ చలి సున్నా డిగ్రీల దరిదాపులకి పోతుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళందరూ ఏదో ఒక టోపీ కొనుక్కుని వెళ్తారు. నేను అక్కడ చూడమనేది వలిసె పూలని. చలికాలం మొదట్లో మన్యం వాలుల మీద వలిసె చేలు పచ్చగా విరగబూస్తాయి. పొద్దున్న మంచు దట్టంగా ఉన్నప్పుడు ఆ పసుపు కనపడదు, పాలలో కుంకుమపువ్వు కలిపినట్టు చిన్న ఛాయ మాత్రం తెలుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ కింద నుంచి పైకి రంగు తేలుతుంది. ఒక శాలువాకి ఇంతకన్నా ఏం కావాలి? కింది అంచున నిండు పసుపు, దాని మీద పసుపూ తెలుపూ వరస మార్చి వరస, ఆ పైన తెల్లటి ఊలులో అక్కడక్కడా ఒక్క పసుపు కుట్టు, చివరికి బూడిద కలిసిన తెలుపు. నిట్, పర్ల్ తప్ప వేరే కుట్టు ఏదీ అక్కర్లేదు.

ప్రయాణంలో ఇలాంటివి పట్టుకోవడానికి ఫోటో ఒక్కటీ చాలదని నా నమ్మకం. ఫోటో అన్నిటినీ సమానంగా చూపిస్తుంది. మనసుకి ఏది ఎక్కువగా తగిలిందో చెప్పదు. చేతిసంచిలో ఒక అట్టముక్క, మిగిలిపోయిన రంగు దారాల ముక్కలు పెట్టుకోండి. రైలు కిటికీలోంచి చూసినప్పుడు ఏ రంగు ఎంత మేర కనిపిస్తే అన్ని చుట్లు ఆ దారాన్ని అట్టకి చుట్టండి. మా ఎలమంచిలి నుంచి తుని దాకా వెళ్తే చెరకు తోటల ఆకుపచ్చ, నడుమ ఎర్రమట్టి, దూరంగా కొండల నీలిబూడిద, కాస్త కొబ్బరాకు ముదురు. చుట్టేసరికి ఆ ప్రయాణం చారల కండువాగా అట్ట మీద ఉంటుంది. జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక మహిళ 2018లో రోజూ తన రైలు ఎంత ఆలస్యమైందో దాన్నిబట్టి రెండేసి వరసలు అల్లుకుంటూ పోయింది. తక్కువ ఆలస్యానికి బూడిదరంగు, అరగంటలోపు గులాబీ, అంతకన్నా ఎక్కువైతే ఎరుపు. ఏడాది చివరికి తయారైన ఆ కండువా వేలంలో 7,550 యూరోలకి అమ్ముడుపోయింది.

అమెరికాలో పుట్టి 1964లో ఇంగ్లండు చేరిన కేఫ్ ఫాసెట్ అనే చిత్రకారుడి కథ కూడా రైలులోనే మొదలైంది. స్కాట్లండ్ వెళ్ళినప్పుడు అక్కడి కొండల, రాళ్ళ రంగులే ఒక మిల్లులోని ఊలు ఉండల్లో కనిపించి ఇరవై రంగులు కొనేశాడు. అల్లడం రాదు. తిరుగు రైలులో తోటి ప్రయాణికురాలు ఒకామె నేర్పింది. తరవాత తోటలు, పింగాణీ పాత్రలు, పాత తివాచీలు, ఏది చూసినా రంగులతో అల్లేశాడు. 1988లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన పనితో ప్రదర్శన పెట్టింది. జీవించి ఉన్న ఒక వస్త్ర కళాకారుడికి అక్కడ ఏకవ్యక్తి ప్రదర్శన ఇవ్వడం అదే మొదలు. ఆయన వాడే కుట్లు చాలా తేలిక. గొప్పతనమంతా రంగులు పక్కపక్కన పెట్టడంలో ఉంది.

మనకి దగ్గర్లో అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. అందరూ బుద్ధుడి గుహలు చూసి దిగిపోతారు. పక్కనే లింగాలకొండ కూడా ఎక్కండి. కొండరాయినే చెక్కి, వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలు నిలబెట్టారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కొక్క గుబ్బ పక్కనా ఒక్కొక్క నీడ. ఊలుతో గుబ్బ కుట్టు వేసినవాళ్ళకి అది చూడగానే చేతులు ఊరుకోవు. రాతిరంగు ఊలు, ఒకే రంగు, కింద పెద్ద గుబ్బలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. అక్కడ రంగుల దారం వాడితే గుబ్బల నీడ చచ్చిపోతుంది.

ఇప్పుడు అసలు రంగుల దగ్గరికి. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక మాకు కూతవేటు. వరాహ నది ఒడ్డు. అంకుడు కర్రని తిరగలిలా తిప్పుతూ, రంగు కలిపిన లక్క కణికని దానికి ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మా చిన్నతనంలో లక్కపిడతలు లేని ఆడపిల్ల లేదు. నడుమలో రసాయన రంగులు వచ్చి ఆ బొమ్మల్ని ఆక్రమించాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి అవి తగవని, పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటితో రంగులు తీసే పద్ధతిని సి.వి.రాజుగారు మళ్ళీ నిలబెట్టారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి. ఆ పసుపుని, ఆ ఎరుపుని చూసి చూసి నాకు పుట్టిన ఆశ ఏమిటంటే, బొమ్మకి పట్టిన రంగు మన దారానికి ఎందుకు పట్టకూడదు?

పడుతుంది. ఓపిక ఉండాలి. నూలుకి ఊరికే రంగు నీళ్ళు పట్టిస్తే ఒక ఉతుకుతో పోతుంది. ముందు చిలపని సబ్బు నీళ్ళలో బాగా ఉడికించి మైనం, జిడ్డు పోగొట్టాలి. తరవాత 100 గ్రాముల నూలుకి 20 గ్రాముల కరక్కాయ పొడి నానేసిన నీళ్ళలో ఒక రాత్రి ఉంచాలి. పిండి ఆరబెట్టి, మరో 20 గ్రాముల పటిక కరిగించిన వేడి నీళ్ళలో ముంచాలి. కళంకారీ పనివాళ్ళు వందల ఏళ్ళుగా గుడ్డకి కరక్కాయా పటికా పట్టిస్తున్నది కూడా ఇందుకే. కరక్కాయ పటికని పట్టుకుంటుంది, పటిక రంగుని పట్టుకుంటుంది. అప్పుడు ఎండిన బంతిపూలు ఉడికించిన నీళ్ళలో వేస్తే దసరా తోరణం పసుపు వస్తుంది. దానిమ్మ తొక్కతో ఆకుపచ్చ కలిసిన పసుపు. ఊలుకి కరక్కాయ అక్కర్లేదు, పటిక ఒక్కటే చాలు. కాని ఊలుని మరగబెట్టకూడదు, వేడి నీళ్ళలోంచి తీసి చల్లని నీళ్ళలో పడేయకూడదు, గట్టిగా పిసకకూడదు. ముద్దకట్టి దుప్పటి ముక్కలా అయిపోతుంది. ముడి లక్కని కడిగిన ఎర్ర నీళ్ళు ఊలుకి ఎంత బాగా పడతాయో చూసి తీరాలి. రంగు గిన్నెలు మళ్ళీ వంటకి వాడవద్దు.

నలుపు మన అనకాపల్లి బెల్లంలో ఉంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే కళంకారీ వాళ్ళు కసిమి అని పిలిచే ద్రవం తయారవుతుంది. చూడ్డానికి మురికి నీళ్ళు. కరక్కాయ పట్టిన తెల్లటి చిలపని అందులో ముంచితే చూస్తుండగానే బూడిద, ఆ తరవాత నలుపు. ఎక్కువసేపు ఉంచితే ఇనుము దారాన్ని తినేస్తుంది, చటుక్కున తీసి జాడించాలి. అందంగా ఉంటాయి కానీ నమ్మకూడని రంగులు రెండు చెబుతాను. శంఖుపుష్పం నీలం నిమ్మరసం తగిలితే గులాబీ అయిపోతుంది, ఎండకి వెలిసిపోతుంది. పసుపుకి సబ్బు తగిలితే ఎరుపెక్కుతుంది. పారాణి కలిపిన ప్రతి చేతికీ ఇది తెలుసు, అక్కడ సున్నం చేసే పనే ఇక్కడ సబ్బు చేస్తుంది. పసుపు కూడా ఎండకి నిలవదు. నిలిచే నీలం కావాలంటే నీలిమందే. తొట్టిలోంచి తీసినప్పుడు చిలప ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ మీ కళ్ళ ముందే నీలం అవుతుంది. మీకు ఇంకో మాట. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకులోనూ నీలిరంగు ఉంది. ఆ ఆకు నుంచి నీలిమందు తీయవచ్చని ఇందాక చెప్పుకున్న రాక్స్‌బర్గే రాశాడు. అంకుడు కర్ర బొమ్మ, అంకుడు ఆకు రంగు దారం ఒకే ఇంట్లో పక్కపక్కన ఉండడం ఊహించుకోండి.

చేత్తో రంగు వేసిన దారానికి ఒక స్వభావం ఉంటుంది. అది మిల్లు దారంలా చెప్పినట్టు వినదు. ఒకే చిలపని సగం బంతిపూల నీళ్ళలో, సగం కసిమిలో ముంచారనుకోండి. ఇరుకైన పట్టీగా అల్లితే పసుపు ఒకచోట, నలుపు ఒకచోట మడుగుల్లా నిలుస్తాయి. వెడల్పాటి శాలువాగా అల్లితే అదే దారం చిన్న చిన్న గీతలుగా చెదిరిపోతుంది. గుండ్రంగా అల్లితే నడుమ రేకుల్లా, బయటికి పోయేకొద్దీ తుంపరలా. అందుకని ముందు డిజైను గీసేసి తరవాత దారం వెతక్కండి. చిలప ఆరాక ఒక చిన్న ముక్క మూడు వెడల్పుల్లో అల్లి చూసుకుని, ఆ దారం ఏమవుదామనుకుంటోందో తెలుసుకుని అప్పుడు పువ్వుని ఎంచుకోండి. రంగులు ఎక్కువ ఉన్న దారానికి కుట్టు తేలికగా ఉండాలి. నందివర్ధనం ఒరిగిన రేకు చూపించాలంటే దారం ఒకే రంగులో ఉండాలి. పుట్టపాక నేతగాళ్ళు తేలియా రుమాలుకి నూలుని ముందే ముడులు కట్టి రంగు వేసి, మగ్గం మీద ఏ రంగు ఏ చోట పడాలో అంగుళం తేడా లేకుండా పట్టుకుంటారు. అల్లికలో అంత పట్టు సాధించినవాళ్ళని నేను ఇంకా చూడలేదు, మన పిల్లల్లో ఎవరైనా సాధిస్తే చూడాలని ఉంది.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. 1968లో అక్కడి పల్లె ఆడవాళ్ళు మానోస్ డెల్ ఉరుగ్వే అనే సహకార సంస్థగా కూడి, ఊలుకి చేత్తో రంగులు వేసి అమ్మడం మొదలుపెట్టారు. కుండకీ కుండకీ రంగు కాస్త తేడా వస్తుంది. ఆ తేడానే లోకమంతా మెచ్చి కొంటోంది. మన నరసాపురం చేతులు, మన ఏటికొప్పాక రంగులు రెండూ ఒకే తీరం మీద ఉన్నాయి. ఎలమంచిలి, పాయకరావుపేట ఊళ్ళ డ్వాక్రా సంఘాల అక్కలు ఎవరైనా ఈ రెండిటినీ కలిపి ఒక చిలప, ఒక పువ్వు తయారు చెయ్యాలని నా కోరిక.

చివరిగా ఒక్క పని చెప్పి సెలవు తీసుకుంటాను. మీరు కొత్త పువ్వు అల్లినప్పుడు ఒక నోటు పుస్తకంలో దాని లెక్క రాసుకోండి. ఎన్ని చైన్లు, ఎన్ని రేకులు, ఏ సూది, ఏ దారం. రంగు వేసినదైతే ఏ పూలు, ఎంత పటిక, ఎన్ని గంటలు. ఆ దారంలోంచి ఒక మూర కత్తిరించి పేజీకి కుట్టేయండి. పక్కన ఆ పువ్వు ఎవరి పెరట్లో చూశారో, ఏ ఊళ్ళో, ఏ నెలలో చూశారో రాయండి. కింద మీ పేరు, తేదీ వేయండి. అమ్మకానికి పంపేటప్పుడు గుడ్డతో పాటు ఆ పేరున్న చీటీ కూడా పంపండి. కొనేవాళ్ళు అడగకపోయినా పంపండి.